ఆగమ్మ కార్డు మీది వేలిముద్ర

మహేశ్వరి సీఏ కాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఎవరైనా "ఆడిటర్ గారూ" అని పిలిస్తే ఆమె కూడా మొదట చెప్పేది అదే. చార్‌కమాన్ దగ్గర ఒక ముత్యాల దుకాణం పైన, రెండో అంతస్తులో ఆదిశేషయ్య గారి ఆడిట్ ఆఫీసు ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా ఆమె అసిస్టెంటు. రిపోర్టు కింద సంతకం పెట్టే హక్కు ఆమెకు లేదు. అయితేనేం! ఆ చుట్టుపక్కల గాజుల వాళ్లనూ బట్టల వాళ్లనూ అడిగి చూడండి. సార్ వస్తున్నారంటే చాయ్ చెబుతారు, మేడం వస్తోందంటే బీరువా తాళాలు వెతుక్కుంటారు.

ఆమె తండ్రి భిక్షపతి ఫలక్‌నుమా బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె చదివింది అలియాబాద్ సర్కారు బడిలో తెలుగు మీడియం, తర్వాత సాయంత్రం కాలేజీలో బీకాం. ఉద్యోగం కోసం వచ్చిన రోజు ఆదిశేషయ్య గారు ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బాపట్ల నుంచి వచ్చి పాతబస్తీలో పాతుకుపోయిన మనిషి ఆయన, మాటలు తక్కువ. ఒక బిల్లుల కట్ట ఆమె ముందు పడేసి, "చూసి చెప్పమ్మాయ్, ఏం కనిపిస్తోందో" అన్నారు. ఆమె అరగంట తిరగేసి, "ఈ రెండు బిల్లుల తేదీలకు నాలుగు నెలలు తేడా ఉన్నది సార్, కానీ చాయ్ మరక రెండింటి మీద ఒకటే. ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక్కనాడే రాసిండ్రు" అంది. మర్నాడు పనిలో చేరమన్నారు.

ఇప్పుడు ఆమెకు నలభై మూడేళ్లు. జల్‌పల్లిలో ఎనభై గజాల జాగాలో సొంత ఇల్లు. భర్త నగేష్‌ది ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. పొద్దున షేర్ ఆటోలో చాంద్రాయణగుట్ట దాకా, అక్కడి నుంచి బస్సులో చార్మినార్ దాకా రోజూ వచ్చే మనిషి. బస్సులో సీటు దొరకకపోయినా ఆమె మొహం చిన్నబోదు కానీ, టోటల్ ఒక్క రూపాయి తేడా వస్తే ఆ రోజు అన్నం సహించదు.

కిందటేడు ఏప్రిల్‌లో ఆ ఆఫీసులోకి ఏఐ వచ్చింది. తెచ్చినవాడు ఫణికుమార్. ఆదిశేషయ్య గారి అన్న కొడుకు, హైటెక్ సిటీలో ఓ పెద్ద కంపెనీలో ఆరేళ్లు చేసి, బాబాయి ఆఫీసు చూసుకుందామని వచ్చిన సీఏ. తెలివైన కుర్రాడు, కాకపోతే కొంచెం తొందర. ఆ ప్రోగ్రాంలో కాగితాలు స్కాన్ చేసి పెడితే చాలు, తెలుగైనా ఉర్దూ అయినా ఇంగ్లీషైనా చేతిరాతతో సహా చదివేస్తుంది. మనం తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తుంది. నెల రోజుల పని పూటలో చేస్తుంది. పక్క టేబుల్ మీది వాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. "ఇగ మన పని ఖతం అక్కా" అని ఒకరు మొహం మీదే అనేశారు.

మహేశ్వరికి భయం వేయలేదని రాస్తే అబద్ధం అవుతుంది. వేసింది, బాగానే వేసింది. కానీ భయం వేసినప్పుడు ఆమెకు ఒక అలవాటు ఉంది. భయపెట్టేదాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. రెండు వారాల్లో ఆ ప్రోగ్రాంకు, పాతకాలం దుకాణాల్లో లెక్కలు రాసే గుమాస్తాను పిలిచినట్టు, 'మున్షీజీ' అని పేరు పెట్టింది, దాంతో మాట్లాడటం మొదలుపెట్టింది.

మూడో వారంలో ఒక సంగతి జరిగింది. ఒక బట్టల దుకాణం ఖర్చుల మీద ఫణికుమార్ ఏదో అడిగితే, మున్షీజీ చక్కటి ఇంగ్లీషులో జవాబిచ్చి, ఆధారంగా 614వ నంబరు వోచర్‌ను చూపించింది. వెనక నిలబడి చూస్తున్న మహేశ్వరి, "గా నంబరు లేదు ఫణి సార్. ఆ పుస్తకం ఐదు వందల ఎనభైతోని అయిపోతది" అంది. ఫణికుమార్ నవ్వాడు. వెతికాడు. నవ్వు ఆపాడు. లేని వోచర్‌ను అది ఉన్నట్టే, తేదీతో సహా, ఎంత నమ్మకంగా చెప్పిందంటే, అతను ఆ పుస్తకం చివరి పేజీ రెండుసార్లు తిరగేసి చూసుకున్నాడు.

ఆ రోజు నుంచి మహేశ్వరి పద్ధతి ఒకటి ఆఫీసు పద్ధతి అయింది. మున్షీజీని "తప్పులున్నయా?" అని అడగకూడదు. అడిగితే మన సంతోషం కోసమైనా ఏదో ఒకటి చెబుతుంది. "ఏ పేజీ? ఏ వరుస?" అని అడగాలి. అది చూపించిన ప్రతి పది కాగితాల్లో మూడు కాగితాలు చేతిలో పట్టుకుని చూడాలి. ఈ పద్ధతిని ఫణికుమార్ టైపు చేయించి గోడకు అంటించాడు. కింద మహేశ్వరి పేరు రాశాడు. ఆ కుర్రాడిలో మంచితనం లేకపోలేదు.

ఇక అసలు సంగతి. బహదూర్‌పురాలో, జూపార్కు వెనక బస్తీలో ఒక కుట్టు సంఘం ఉంది. ముప్పై ఒక్కమంది ఆడవాళ్లు బడి పిల్లల యూనిఫారాలు కుడతారు. సగం మంది ముస్లిం ఇళ్ల వాళ్లు, మిగతా సగం హిందువులు, క్రైస్తవులు. సెలవు మాత్రం అందరికీ శుక్రవారమే, అందుకని గురువారం సాయంత్రం పీసు లెక్కన కూలి పంచుతారు. పంచేది మాణిక్యమ్మ. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పంతొమ్మిదేళ్లుగా ఆ సంఘానికి ఆమే స్టోరు, ఆమే క్యాషు, ఎవరికైనా జ్వరమొస్తే మందుబిళ్ల కూడా ఆమే. మిషన్లూ బట్టా ఇచ్చేది పుణెలో ఒక ట్రస్టు. వాళ్లు ఈసారి మూడేళ్ల లెక్కలు కలిపి ఆడిట్ చేయించి, శనివారం సాయంత్రానికి రిపోర్టు పంపమన్నారు. రిపోర్టు బాగుంటేనే వచ్చే ఏడాది బట్ట వస్తుంది.

మూడేళ్ల కాగితాలూ స్కాన్ అయ్యాయి. మంగళవారం మధ్యాహ్నం మహేశ్వరి మున్షీజీని ఒక మామూలు ప్రశ్న అడిగింది. సంఘం నుంచి ఏదైనా సాయం అందుకున్న సభ్యుల పేర్లూ, కూలి రిజిస్టర్‌లో పేర్లూ పక్కపక్కన పెట్టి చూపమంది. అది చూపించింది. ఆగమ్మ, కార్డు నంబరు పదిహేడు. మూడేళ్ల కిందటి వానాకాలంలో చనిపోయింది, మట్టి ఖర్చులకు సంఘం పదివేలు ఇచ్చింది. ఆ తర్వాత మూడో గురువారం నుంచి మొన్నటి గురువారం దాకా ఆగమ్మ కూలి తీసుకుంటూనే ఉంది. వేలిముద్ర కూడా వేస్తోంది. ఇలాంటివే ఇంకో రెండు పేర్లు. చనిపోయిన ముగ్గురు ఆడవాళ్లు మొత్తం మూడు వందల పదకొండు సార్లు కూలి తీసుకున్నారు.

"లేని నంబరు చెప్తున్నవా మళ్ల?" అని మహేశ్వరి బీరువా తెరిచి అసలు కాగితాలు తీసింది. ఉన్నాయి. మట్టి ఖర్చుల వోచర్ ఉంది. దాని తర్వాతి వారాల రిజిస్టర్ ఉంది. రెండింటి మీదా ఆకుపచ్చ పెన్సిల్ టిక్కులున్నాయి. ఆ టిక్కులు ఎవరివో ఆమెను ఎవరూ అడగక్కర్లేదు. ఆమెవే. ఏటా సంఘం లెక్కలు చూసేది ఆమే. ఆ ఏటి ఫైళ్లలో ఒకటి మేలో చూసింది, ఇంకోటి జూన్‌లో చూసింది, రెండూ సరిగ్గానే ఉన్నాయని టిక్కు పెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. చాయ్ మరక చూసి ఉద్యోగం సంపాదించిన మనిషికి ఆ క్షణంలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొహం మీద చన్నీళ్లు కొట్టుకుని వచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది.

ఫణికుమార్‌కు చెప్పకుండా దాచడం ఆమె వల్ల కాదు. చెప్పింది. అతని కళ్లు మెరిశాయి. "దొరికింది చూశారా! క్లాసులో పాఠం చెప్పినట్టుంది. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి!" అంటూ మున్షీజీకి రెండు వాక్యాలు కొట్టాడు. నిమిషంలో రెండు పేజీల రిపోర్టు తయారైంది. ఇంగ్లీషు అయితే ఎంత బాగుందో! సంఘం క్యాషు చూసే మాణిక్యమ్మ దొంగ వేలిముద్రలు వేసి, మూడేళ్లలో సుమారు నాలుగు లక్షలు సొంతానికి వాడుకున్నట్టు కనబడుతోందని అందులో ఉంది. ఆమెను వెంటనే తొలగించి, పోలీసులకు చెప్పాలని సలహా కూడా ఉంది.

మహేశ్వరి రెండుసార్లు చదివింది. "ఫణి సార్, సచ్చిపోయినోళ్ల పేరు మీద పైసలు పోయినయని మున్షీజీ చూసింది. మాణిక్యమ్మ తిన్నదని ఏ పేజీల చూసింది?" అని అడిగింది.

"ఇంకెవరు తింటారండీ? పంచేది ఆవిడేగా."

"గది మీరన్నరు. అది చూడలె. ఫ్రాడ్ రిపోర్టు రాయమని మీరడిగిండ్రు, అది రాసింది. ఇదే మనిషికి మంచి సర్టిఫికెట్ రాయమంటే గంతే మంచిగ రాస్తది."

మాట కొంచెం గట్టిగానే వచ్చింది. లోపలి గదిలో ఉన్న ఆదిశేషయ్య గారు కళ్లజోడు సవరించుకుంటూ బయటికి వచ్చారు. సంగతంతా విన్నారు. "రిపోర్టు శనివారం పోవాలి. ఆవిడ తినలేదని నీకెలా తెలుసమ్మాయ్?" అన్నారు.

"తెల్వదు సార్," అంది మహేశ్వరి. "తిన్నదో తినలేదో నాకు తెల్వదు. కానీ మనిషిని చూడకుండ, అడగకుండ దొంగ అని రాస్తే ఆ పేరు ఇగ పోదు. బస్తీల ఆమెను ఎవ్వరు గడప ఎక్కనియ్యరు. ముప్పై మంది పని పోతది. శుక్రవారం దాక టైమియ్యుర్రి. తిన్నదని తేలితే ఆ రెండు పేజీలు నేనే పోస్టు చేస్త."

ఆదిశేషయ్య గారు గోడకు అంటించిన మహేశ్వరి పద్ధతి వంక చూశారు. "శుక్రవారం సాయంత్రం," అని మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

గురువారం సాయంత్రం నాలుగింటికి మహేశ్వరి ఎవరికీ ఫోను చేయకుండా బహదూర్‌పురాలో దిగింది. కూలి పంచేటప్పుడు చెప్పకుండా వెళ్లి కూర్చోవడం ఆడిట్‌లో పాత పద్ధతి. ఈ మధ్య ఎవరూ అంత ఓపిక చేయడం లేదు గానీ, ఆదిశేషయ్య గారు ఆమెకు మొదటి ఏడే నేర్పిన పని అది. సంఘం గదిలో ఆడవాళ్లు చాప మీద వరుసగా కూర్చున్నారు. ఆమెను చూసి మాణిక్యమ్మ, "అరె మేడం, గిట్ల సడన్‌గ వచ్చినవేంది? ఎవరన్న చాయ్ పెట్టుర్రే!" అని హడావిడి చేసింది. గాభరా పడ్డట్టు మాత్రం కనిపించలేదు. మహేశ్వరి మూలన స్టూలు మీద కూర్చుంది.

పేర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్కరూ లేచి వచ్చి, రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. పదహారో నంబరు అయింది. "ఆగమ్మా!" అని పిలిచింది మాణిక్యమ్మ, మెల్లగా కాదు, గది అంతా వినబడేటట్టు.

మూడో వరుస నుంచి ఇరవై ఆరేళ్ల అమ్మాయి లేచింది. జడ వేసుకుని, పసుపు రంగు చుడీదార్‌లో ఉంది. నేరుగా వచ్చి, బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద నొక్కి, రిజిస్టర్‌లో అద్ది, డబ్బు లెక్కపెట్టుకుని, వేలికి అంటిన ఇంకును ఒక గుడ్డ ముక్కకు తుడుచుకుంటూ తన చోటికి పోయి కూర్చుంది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ అమ్మాయి కూర్చున్నాక సంచిలోంచి ఒక కాగితం తీసి, పక్కామె కొడుకు బడి నుంచి తెచ్చిన నోటీసట, ఆమెకు చదివి వినిపించసాగింది. తెలుగు కూడా కాదు, ఇంగ్లీషు.

ఇక మహేశ్వరి ఆగలేకపోయింది. పంచడం పూర్తయ్యేదాకా ఎలాగో కూర్చుని, ఆ అమ్మాయిని పిలిచింది. "నీ పేరేంది బిడ్డా?"

"నందిని, మేడం."

"ఏం చదివినవ్?"

"ఇంటర్. రెండో సంవత్సరంల పెండ్లయింది. ఆగమ్మ మా అత్త."

"ఇంటర్ చదివినవు, వేలిముద్ర ఏస్తున్నవేంది?"

నందిని ఏదో చెప్పబోయి మాణిక్యమ్మ వైపు చూసింది. మాణిక్యమ్మకు ఆ ప్రశ్నే వింతగా అనిపించినట్టుంది. "అది ఆగమ్మ కార్డు గద మేడం," అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ఆగమ్మకు సంతకం రాదు. కార్డు మీద వేలిముద్ర ఉంటే రిజిస్టర్ల కూడ వేలిముద్రే ఉండాలె. సంతకం పెడితే రికార్డు తప్పైతది, ఆడిటోళ్లు ఊకుంటరా?"

మహేశ్వరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆడిట్ వాళ్లకు భయపడి, రికార్డు తప్పు కాకూడదని, ఇంటర్ చదివిన పిల్ల చేత మూడేళ్లు వేలిముద్ర వేయించిన మనిషి ఎదురుగా కూర్చుని చాయ్ తాగమంటోంది!

కథ అంతా అప్పుడు బయటికి వచ్చింది. సంఘం నియమం ప్రకారం మిషన్ కార్డుకే ఇస్తారు, ఇంట్లో పెట్టుకుని కుట్టుకోవాలి. సభ్యురాలు పోతే కార్డు రద్దు, మిషన్ వాపసు. కొత్త కార్డు కావాలంటే కమిటీ మీటింగు, డిపాజిట్, అప్పటికే వరుసలో ఉన్న నలభై మంది. "ఆగమ్మ పోయిన పదకొండో దినం వాళ్లింటికి పోయిన. కొడుకుకు పని లేదు, ఈ పిల్ల సంకల చంటిది. మనిషి పోయిన ఇంట్ల నుంచి మిషన్ కూడ లేపుకరావాల్నా? ఏ చేతులతోని లేపాలె?" అంది మాణిక్యమ్మ. "అదే మిషన్ మీద కూసో, అదే కార్డు మీద కుట్టు, ఫికర్ చేయకు అన్న. ఇంకో రెండిండ్ల కూడ గదే చేసిన. దాచింది ఏమున్నది? అందరి ముంగటనే పిలుస్తున్న."

"నీ మీద ఏమొచ్చిందో తెల్సా అక్కా?" అని మహేశ్వరి ఉన్నదున్నట్టు చెప్పింది. నాలుగు లక్షలు, దొంగ వేలిముద్రలు, పోలీసులు. మాణిక్యమ్మ మొహంలో రంగు పోయింది. రిజిస్టర్ మూసి పక్కన పెట్టింది. "నువ్వు కూడ అనుకున్నవా, మేడం? నన్ను దొంగ అని?" అని అడిగింది.

కాదు అనడం తేలిక. మహేశ్వరి అనలేదు. "మంగళారం నుంచి ఇయ్యాల దాక అనుకున్న అక్కా. అందుకే వచ్చిన. ఇప్పుడు అనుకుంటలేను. కానీ నేను అనుకుంటే సరిపోదు, కాగితం మీద చూపియ్యాలె. కుట్టిన బట్ట ఎటు పోయిందో రాసిన చలాన్లు ఎక్కడున్నయ్?"

అవి ఆఫీసుకు ఎప్పుడూ రాలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. కటింగ్ మాస్టర్ ఖాజా మియా దగ్గర ఒక గోనె సంచిలో ఉన్నాయి. ఏ బడికి ఎన్ని చొక్కాలు, ఎన్ని గౌన్లు పంపారో మూడేళ్ల చలాన్లు, ఆరు వందల నలభై కాగితాలు, అన్నీ ఉర్దూలో ఆయన చేతిరాత. మహేశ్వరి ఆ సంచిని ఆటోలో వేసుకుని పోయింది. లెక్క చాలా చిన్నది. చనిపోయిన వాళ్ల పేరు మీద ఉత్తుత్తి కూలి రాసి ఉంటే, కూలి ఇచ్చిన పీసులు ఎక్కువ, బడులకు చేరిన పీసులు తక్కువ ఉండాలి. రెండూ సమానమైతే, ఎవరి చేయి అయితేనేం, పని జరిగినట్టే.

శుక్రవారం పొద్దున మొత్తం స్కాన్ చేసి మున్షీజీ ముందు పెట్టింది. ఆమెకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అది గంటలో చదివి, బడివారీగా, నెలవారీగా పట్టిక వేసి ఇచ్చింది. ఒప్పుకోవాలి, ఆ పని ఆ ఆఫీసులో పదిమంది కూర్చున్నా ఆ రోజుకు అయ్యేది కాదు. కానీ మహేశ్వరి అంతటితో వదిలితే మహేశ్వరి ఎందుకవుతుంది? మక్కా మసీదులో జుమ్మా నమాజ్ ముగించుకుని ఖాజా మియా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఆమె సంచిలోంచి చేతికి వచ్చినవి, పదికి మూడు లెక్కన, నూట తొంభై రెండు చలాన్లు తీసి, కంప్యూటర్‌ను అటు తిప్పేసి, "ఒక్కొక్కటి పైకి చదువు భాయ్" అంది. ఆయన చదువుతుంటే తన పట్టికలో టిక్కు పెట్టుకుంది. రెండు చోట్ల మున్షీజీ తప్పు చదివింది. ఆ రెండూ దిద్ది, అలాంటి రాత ఉన్న కాగితాలన్నీ మళ్లీ చదివించింది.

"నా రాత మా బేగం కూడ చదవలేదు మేడం! మిషన్ చదివిందా? కమాల్ హై!" అని ఖాజా మియా తెగ మురిసిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకు టోటల్ వచ్చింది. కూలి ఇచ్చిన పీసులు రెండు లక్షల పద్నాలుగు వేల ఆరు వందల నలభై. బడులకు చేరినవి రెండు లక్షల పద్నాలుగు వేల ఆరు వందల రెండు. ముప్పై ఎనిమిది తక్కువ. ఫణికుమార్ అప్పటికి ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, పొద్దుటి నుంచి ఆ పనిలోనే మునిగిపోయాడు. "ముప్పై ఎనిమిదేగా, వదిలేద్దామండీ," అన్నాడు.

వదిలేయడమా! ఒక్క రూపాయికి అన్నం మానేసే మనిషితోనా! "అవతల ఒక మనిషి పరువు ఉన్నది ఫణి సార్. ముప్పై ఎనిమిదికి జవాబు లేకపోతే, రెండు లక్షలకు కూడ లేనట్టే," అంది. ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. ఎప్పుడో చలికాలంలో ఇస్త్రీ పెట్టె మాడ్చిన చొక్కాలు గుర్తొచ్చాయి. కుట్టినవాళ్ల తప్పు కాదు కాబట్టి కూలి ఇచ్చేశారు, చొక్కాలు మాత్రం బడికి పోలేదు. "ఉస్‌కే పీఛే లిఖా థా మై," అంటూ ఒక చలాన్ వెతికి వెనక్కి తిప్పాడు. వెనక వైపు ఎవరూ స్కాన్ చేయలేదు. ముప్పై ఎనిమిది చొక్కాలు, తేదీ, మాణిక్యమ్మ సంతకం. ఫణికుమార్ ఒక్కసారి బల్ల మీద చరిచి లేచి నిలబడ్డాడు. మహేశ్వరి మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, మంగళవారం తర్వాత మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మొదటి రెండు పేజీలను ఫణికుమారే చెరిపేశాడు. కొత్త రిపోర్టు తెలుగులో మహేశ్వరి చెబుతుంటే, మున్షీజీ ఇంగ్లీషులో పెట్టింది, ఫణికుమార్ ప్రతి వాక్యానికీ కాగితం చూపించమని అడుగుతూ సరిచూశాడు. చనిపోయిన ముగ్గురి కార్డుల మీద వాళ్ల ఇంటి ఆడవాళ్లు పనిచేశారు, పని జరిగింది, బట్ట చేరింది, డబ్బు ఎవరూ తినలేదు. అయినా ఇది తప్పే, ఆ ముగ్గురికీ నెలలోగా సొంత కార్డులు ఇవ్వాలి, సభ్యురాలు పోతే మిషన్ వాపసు తీసుకునే నియమం మార్చాలి. చివర మహేశ్వరి ఇంకో వాక్యం చేర్చమంది. మట్టి ఖర్చుల వోచర్‌నూ, తర్వాతి కూలి రిజిస్టర్‌నూ అప్పట్లో చూసింది ఈ ఆఫీసే, రెండూ కలిపి చూడకపోవడం వల్ల ఈ లోపం ఇంతకాలం బయటపడలేదు.

"అది ఎందుకండీ? మనల్ని ఎవరూ అడగలేదు," అన్నాడు ఫణికుమార్.

"మాణిక్యమ్మ తప్పు రాసినం. మన తప్పు రాయొద్దా?"

శనివారం పొద్దున ఆదిశేషయ్య గారు రిపోర్టు మొత్తం చదివారు. చివరి వాక్యం దగ్గర ఆగారు. ముప్పై ఐదేళ్ల ప్రాక్టీసులో తన సంతకం పైన అలాంటి వాక్యం ఆయన ఎప్పుడూ పెట్టి ఉండరు. ఫణికుమార్ పెన్ను పట్టుకుని కొట్టేయడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఉంచరా," అన్నారు ఆయన. సంతకం పెట్టాక, తలెత్తకుండానే, "ఈ ఆఫీసులో సీఏలు ముగ్గురు, ఫణీ. ఒకరికి సర్టిఫికెట్ ఇంకా రాలేదు, అంతే," అన్నారు. అంత పెద్ద మాట ఆయన నోట ఇరవై రెండేళ్లలో అదే మొదటిది. మహేశ్వరి ఫైలు సర్దినట్టు నటించింది. ఇంటికి వెళ్లాక నగేష్‌కు ఆ మాట నాలుగుసార్లు చెప్పింది, ఆయన నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాడు.

ట్రస్టు వాళ్లు పది రోజుల తర్వాత జవాబు రాశారు. మాణిక్యమ్మ తన చోటే ఉండాలి, నియమం మార్చాలి, కార్డులు వెంటనే ఇవ్వాలి అన్నారు. బట్టకు డబ్బు కూడా పంపారు.

కొత్త కార్డులు వచ్చిన గురువారం మహేశ్వరి ఆఫీసు పని మీదే వెళ్లాననుకుంది. నిజానికి ఆ రోజు ఆమెకు అక్కడ పనేమీ లేదు. చాప మీద అందరూ కూర్చున్నారు. పదహారో నంబరు అయింది. మాణిక్యమ్మ రిజిస్టర్ చూసి, అలవాటు కొద్దీ "ఆగ..." అని ఆగి, గొంతు సవరించుకుని, "నందినీ!" అని పిలిచింది. గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. నందిని లేచి వచ్చింది. మాణిక్యమ్మ ఇంకు ప్యాడ్‌ను ముందుకు జరపబోయి, నాలుక కరుచుకుని, పెన్ను అందించింది.

నందిని పెన్ను పట్టుకుంది కానీ వెంటనే రాయలేదు. రిజిస్టర్‌ను తనవైపు తిప్పుకుంది, మోచేయి సర్దుకుంది, మొదటి అక్షరం మెల్లగా దిద్దింది. వెనక వరుస వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. మాణిక్యమ్మకు కళ్లు తడిసిన మాట నిజమే గానీ, నోరు ఊరుకుంటుందా? "ఏందే పోరీ, సంతకం పెడుతున్నవా, జాబు రాస్తున్నవా? ఎనుక ఇంక పద్నాలుగు మంది ఉన్నరు!"

"ఆగు పెద్దమ్మా," అంది నందిని తలెత్తకుండానే, "మూడేండ్ల సంతకాలు బాకీ ఉన్నయ్ నాయి." ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, కింద తేదీ కూడా వేసింది.